తంగేడును గుర్తించడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

భాద్రపద మాసం చివరికి వచ్చేసరికి నా ఫోన్‌కు వరుసగా ఫొటోలు వస్తాయి. రోడ్డు వారన పసుపు పూలు పూసిన పొదను తీసి, ఇది తంగేడేనా అని అడుగుతారు. పది ఫొటోలు వస్తే వాటిలో తంగేడు ఉండేది మూడింటిలోనో నాలుగింటిలోనో. మిగిలినవి టెకోమా, సీమ తంగేడు, కసివింద, లేదా నర్సరీ నుంచి తెచ్చి నాటిన మరేదో అలంకరణ మొక్క. తప్పు అడిగేవారిది కాదు. తంగేడు పోయిన చోటును మరో పసుపు పువ్వు నింపడం వల్ల, దూరం నుంచి చూసేవారికి ఏదీ పోయినట్టు అనిపించదు. గుర్తుపట్టడం ముందు నేర్చుకుంటే తప్ప తగ్గిపోతున్న సంగతి కంటికి కనిపించదు. ఈ ప్రశ్నలనూ జవాబులనూ ఒకచోట చేర్చడానికి కారణం అదే.

తంగేడు అంటే ఖచ్చితంగా ఏ మొక్క?

చిక్కుడు కుటుంబానికి చెందిన, సాధారణంగా మనిషి నడుము ఎత్తు నుంచి రెండు నిలువుల ఎత్తు లోపల పెరిగే, గుబురుగా కొమ్మలు వేసే పొద తంగేడు. దీని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి కేసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. పాత వైద్య గ్రంథాల్లోనూ అటవీశాఖ పుస్తకాల్లోనూ ఆ పేరే కనిపిస్తుంది. సెన్నా ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల గుంపులో, దీన్ని చేర్చిన విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర మన సామర్లకోటలో ఉండి, ఈ ప్రాంతపు మొక్కలను పరిశీలించి, తెలుగు పేర్లతో సహా నమోదు చేసినవాడు. ఇది మన నేలకు పరాయిది కాదు.

సంస్కృతంలో దీన్ని ఆవర్తకి అంటారు. తమిళంలో ఆవారం, కన్నడంలో తంగడి, ఆవరికె, మరాఠీలో తర్వాడ్, సింహళంలో రణవర అని పేర్లు. దక్కన్ పీఠభూమి, రాయలసీమ, తమిళనాడు మెట్ట ప్రాంతాలు, పశ్చిమ భారతపు ఎండు నేలలు, శ్రీలంక దీని సహజ నివాసాలు. మొరం నేలలు, చెలకల ఒడ్లు, డొంకలు, చెరువు కట్టల వెలుపలి వాలులు, రోడ్డు వార వరద నీరు పారే గుంతల అంచులు దీనికి ఇష్టమైన చోట్లు. నీరు నిలిచే చోట పెరగదు, నీరు పారి పోయే చోట పెరుగుతుంది; గుంత అడుగున కాకుండా గుంత గట్టు మీద వెతకమని చెప్పడం అందుకే. 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

సందేహం లేకుండా తేల్చిచెప్పే ఒక్క గుర్తు ఏదైనా ఉందా?

ఉంది. అది పువ్వులో లేదు, ఆకు మొదట్లో ఉంది. ఆకు కాడ కొమ్మకు అతుక్కునే చోట రెండు వైపులా చిన్న చెవుల వంటి ఆకుపచ్చని రేకులు ఉంటాయి. వృక్షశాస్త్ర పాఠాల్లో వీటిని పత్రపుచ్ఛాలు అంటారు. చాలా మొక్కల్లో ఇవి సన్నటి ముల్లులాగానో పోగులాగానో ఉండి, ఆకు విచ్చుకోగానే రాలిపోతాయి. తంగేడులో మాత్రం ఇవి వెడల్పుగా, గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో ఉండి, ఒక మూల సన్నటి కొసగా సాగి, ఆకు ఉన్నంతకాలం రాలకుండా నిలిచి ఉంటాయి. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత నుంచి బొటనవేలి గోరంత వరకు ఉండవచ్చు. ఆరిక్యులేటా అంటే లాటిన్‌లో చెవులు గలది అని అర్థం. లిన్నేయస్ చూసి పేరు పెట్టింది ఈ చెవులనే.

రెండో గుర్తు కూడా ఆకులోనే ఉంది. తంగేడు ఆకు ఒక నడి ఈనెకు ఇరువైపులా జతలు జతలుగా చిన్న ఆకులు అమరిన సంయుక్త పత్రం. సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు జతలు ఉంటాయి, కొసన ఒంటి ఆకు ఉండదు. ఒక్కొక్క చిన్న ఆకు అంగుళం లోపు పొడవుతో, కొస మొద్దుగా గుండ్రంగా, ఆ గుండ్రని కొస మీద సూది మొనంత చిన్న ముక్కుతో ఉంటుంది. ఆకును ఎత్తి పట్టుకొని నడి ఈనె పైభాగం చూస్తే, ప్రతి జత మధ్యా పుల్లలాంటి సన్నటి గ్రంథి ఒకటి నిలబడి ఉంటుంది. ప్రతి జత మధ్యా అన్న మాటను గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. దీని దాయాదుల్లో కొన్నింటికి కింది రెండు మూడు జతల మధ్య మాత్రమే గ్రంథులు ఉంటాయి, కొన్నింటికి కాడ మొదట్లో ఒక్కటే ఉంటుంది, మరికొన్నింటికి అసలే ఉండవు.

చెవులూ గ్రంథులూ రెండూ సరిపోతే అది తంగేడే. నా అనుభవంలో ఈ రెండింటినీ చూసిన తరువాత కూడా పొరబడినవారు లేరు. పూలను మాత్రమే చూసి పొరబడినవారిలో వృక్షశాస్త్రం చదివినవారూ ఉన్నారు.

పువ్వును చూసి గుర్తించలేమా?

పువ్వు కూడా సాయం చేస్తుంది, కాని దాన్ని దగ్గర నుంచి చూడాలి. విచ్చుకున్న పువ్వు రెండంగుళాల దాకా వెడల్పు ఉంటుంది. ఐదు రేకులు విడివిడిగా, ఒకదానికొకటి కొంచెం హెచ్చుతగ్గులుగా ఉంటాయి. రేకుల అంచులు ముడతలు పడి, నలిపి విప్పిన పట్టుబట్ట అంచులా కనిపిస్తాయి. పసుపు రంగు మీద నారింజ రంగు ఈనెలు స్పష్టంగా తెలుస్తాయి. కేసరాలు పది. వాటిలో పైనున్న మూడు పుప్పొడి లేని గొడ్డు కేసరాలు. కింద ఉన్న రెండు మూడు మిగతావాటికంటే పొడవై కొడవలిలా వంగి ఉంటాయి. పువ్వు మధ్యలో పిందె కూడా ఒక పక్కకు వంగి ఉంటుంది, కనుక ఎడమ కుడి భాగాలు పూర్తిగా ఒకదానికొకటి సరిపోవు.

పూలు కొమ్మ చివరి ఆకుల మూలల నుంచి చిన్న చిన్న గుత్తులుగా వచ్చి, అన్నీ కలిసి కొమ్మ కొసన ఒక పెద్ద గుత్తిలా కనిపిస్తాయి. ఈ అమరిక వల్లనే బతుకమ్మ పేర్చేటప్పుడు కొసలను తుంచి కట్టలుగా కట్టడం సులువవుతుంది. గుత్తి నిటారుగా గానీ వాలుగా గానీ ఉంటుంది తప్ప రేల పూలలా కిందికి వేలాడదు.

పూత లేని కాలంలో ఏం చూడాలి?

పొద మీద కాయలు ఉంటే పని తేలిక. తంగేడు కాయ చదునుగా, కాగితంలా పలచగా, మూడు నాలుగంగుళాల పొడవు, అర అంగుళానికి కాస్త మించిన వెడల్పు ఉంటుంది. పండితే లేత గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్కొక్క గింజ తన గదిలో విడిగా ఉంటుంది కనుక, గింజకూ గింజకూ మధ్య కాయ నొక్కుకుపోయి అలలు అలలుగా కనిపిస్తుంది. కాయకు పన్నెండు నుంచి ఇరవై గింజలు ఉంటాయి. ఎండిన కాయల గుత్తిని ఊపితే గలగలమంటుంది.

కాయలు కూడా లేకపోతే బెరడు చూడాలి. నున్నగా, దాల్చినచెక్క రంగులో ఉంటుంది. గోటితో గీరి నాలుకకు తాకిస్తే ఎంత వగరుగా ఉంటుందో పెద్దలకు తెలుసు, పళ్లు తోముకోవడానికి ఈ పుల్లలను వాడినవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఆ వగరుకు కారణమైన టానిన్ బెరడులో సుమారు 18 శాతం ఉంటుంది. దక్షిణాదిలో తోళ్లు పదును పెట్టడానికి చాలాకాలం ఈ బెరడే ఆధారం. తరువాత తుమ్మజాతికి చెందిన వాటిల్ చెట్టు బెరడు, దాని సారం ఆ చోటును ఆక్రమించాయి. అయితే గుర్తించడానికి రుచి చూడటాన్ని నేను ఎవరికీ సూచించను, ఎందుకంటే తెలియని మొక్కను నోట పెట్టుకోవడం ఎన్నడూ మంచిది కాదు. చెవులు చూస్తే చాలు.

ఏ కాలంలో, ఏ వేళలో వెతకాలి?

ఏడాది పొడవునా అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది, కాని వానలు వెనకపట్టిన తరువాతి వారాల్లో, బతుకమ్మ పండుగ రోజుల్లో నిండుగా పూస్తుంది. ఉదయం పూట వెళ్లాలి. సాయంత్రం చీకటి పడుతుండగా చిన్న ఆకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి, అప్పుడు ఆకు ఆకారం చూసి పోల్చుకోవడం కష్టం.

మా కాలనీ రోడ్డు డివైడర్ మీద, గేటు ముందర విరగబూసిన పసుపు పూల పొద తంగేడు కాదా?

డివైడర్ మీద నాటినది తంగేడు అయ్యే అవకాశం చాలా తక్కువ. ఎక్కువగా కనిపించేది టెకోమా. దాని పువ్వు గంటలా, బూరలా ఒకే గొట్టంగా ఉంటుంది; రేకులు విడివిడిగా రావు. రాలిన పువ్వును చేతిలోకి తీసుకుంటే మొత్తం ఒకే గొట్టంగా ఊడివస్తుంది, ఇదొక్కటి చాలు. దాని ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా ఉంటాయి, అంచులకు రంపపు పళ్లు ఉంటాయి. తంగేడు ఆకులు కొమ్మ మీద ఒకటి ఇటు, ఒకటి అటు మారుతూ వస్తాయి, అంచులు నున్నగా ఉంటాయి. టెకోమా అమెరికా ఖండాల నుంచి వచ్చిన అలంకరణ మొక్క.

కాస్త పెద్ద చెట్టు అయితే అది సీమ తంగేడు కావచ్చు. శాస్త్రీయ నామం సెన్నా సయామియా. పేరులోనే సయాం, అంటే నేటి థాయిలాండ్ ఉంది. నీడ కోసం రహదారుల వెంట దీన్ని విరివిగా నాటారు. దూరం నుంచి పూలు తంగేడునే తలపిస్తాయి. దగ్గరకు వెళ్తే తేడాలు వరుసగా బయటపడతాయి: అది పొద కాదు చెట్టు, ఆకు నడి ఈనె మీద గ్రంథులు లేవు, చెవులు లేవు, కాయ జానెడు పొడవుండి కత్తి ఒరలా ఉంటుంది.

ఉద్యానవనాల్లో పెంచే సెన్నా సురత్తెన్సిస్ అనే పొద ఇంకా ఎక్కువగా తికమక పెడుతుంది, ఎందుకంటే ఎత్తు, పూల రంగు, ఆకు అమరిక అన్నీ దగ్గరగా ఉంటాయి. దాని చిన్న ఆకులు తంగేడు ఆకులకంటే పెద్దవి, జతలు తక్కువ, గ్రంథులు కింది రెండు మూడు జతల మధ్యకే పరిమితం, పత్రపుచ్ఛాలు సన్నటి కొడవలి పోగులు. ఇక్కడ కూడా తీర్పు చెప్పేది చెవులే.

పూలకంకి కొవ్వొత్తిలా నిటారుగా నిలబడి, ఆకులు మూరెడు పొడవుంటే అది మెట్టతామర, దాన్నే సీమ అవిసె అని కూడా అంటారు. తామరకు దాని ఆకు రసం రాయడం వల్ల ఆ పేరు వచ్చింది. కాయకు పొడవునా రెక్కలు ఉంటాయి. పచ్చతురాయి, రేల చెట్లను తంగేడుతో పోల్చుకునేవారు అరుదు కనుక వాటి గురించి ఇంతకంటే చెప్పను.

కసివిందకూ తంగేడుకూ తేడా తెలుసుకోవడం ఎందుకు అంత ముఖ్యం?

ఎందుకంటే ఈ పొరపాటు ప్రాణాల మీదికి తేగలదు. కసివింద, అంటే సెన్నా ఆక్సిడెంటాలిస్, తంగేడు పెరిగే చోట్లనే, అదే గుంతల అంచున, చెత్తకుప్పల దగ్గర పెరుగుతుంది. ఉష్ణమండల అమెరికా దీని పుట్టిల్లు, మన దగ్గర కలుపుగా స్థిరపడింది. దీని గింజలు తిన్న పసిపిల్లల్లో కాలేయం, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతిన్న సంఘటనలను పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో వైద్యులు నమోదు చేశారు. 2016లో ఒడిశాలో, మన సరిహద్దును ఆనుకొని ఉన్న మల్కాన్‌గిరి జిల్లాలో చిన్నపిల్లల మరణాల వెనుక కూడా ఈ మొక్కనే నిపుణులు గుర్తించారు. తంగేడు పూలు ఎండబెట్టి పొడి చేద్దామని తెలియనివారు కోసుకొచ్చే మూటలో ఇది కలిసే ప్రమాదం నిజమైనది.

గుర్తించడం కష్టమేమీ కాదు. కసివింద ఆకు నలిపితే చెడ్డ వాసన వస్తుంది. చిన్న ఆకులు నాలుగైదు జతలే, కొసలు సూదిగా ఉంటాయి, పొడవు రెండంగుళాలు దాటుతుంది. ఆకు కాడ అడుగున నల్లటి ఉబ్బు గ్రంథి ఒక్కటే ఉంటుంది. పువ్వు తంగేడు పువ్వులో సగం ఉండదు. కాయ సన్నగా, కొంచెం పైకి వంగి, అంచుల వెంట లేత రంగు గీతతో ఉంటుంది. తంగేడు కాయలా పలచటి కాగితంలా ఉండదు.

ఇదే కుటుంబంలో తొలకరికి మొలిచే తంటెం, దాన్నే తగిరిస అంటారు, ఇంకా చిన్నది. మూడు జతల ఆకులు, జతలుగా పూసే చిన్న పూలు, గోరుచిక్కుడులా సన్నగా, వంగిన పొడవాటి కాయలు దాని గుర్తులు. మూడు జతలు లెక్కపెట్టగానే తంగేడు కాదని వదిలేయవచ్చు.

నేల తంగేడు, కొండ తంగేడు అనేవి తంగేడులో రకాలా?

కావు. నేల తంగేడు అంటే విరేచనకారిగా వాడే సునాముఖి, సెన్నాలోనే మరో జాతి. ఆకులు కొస తేలి ఉంటాయి, కాయ చదునుగా పొట్టిగా ఉంటుంది. కొండ తంగేడు అయితే అడవుల్లో పెరిగే గట్టి కలప చెట్టు, జైలియా జైలోకార్పా, పూలు గుండ్రటి బంతుల్లా ఉంటాయి. తెలుగులో ఒక మొక్క ఆకునో పువ్వునో పోలిన మరో మొక్కకు నేల, కొండ, సీమ అని ముందు చేర్చి పేరు పెట్టడం అలవాటు. ఆ పేర్లు పోలికను చెబుతాయి, చుట్టరికాన్ని కాదు. విత్తనాలు కొనేటప్పుడు, మందుల దుకాణంలో పొడి అడిగేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి.

మాకు ఇంకా చాలాచోట్ల కనిపిస్తూనే ఉంది. నిజంగానే తగ్గుతోందా?

జాతిగా తంగేడు అంతరించే దశలో లేదు. గుట్టల వాలుల్లో, అటవీ అంచుల్లో, సాగు పడని మొరం భూముల్లో అది ఇప్పటికీ పుష్కలంగా ఉంది. తగ్గుతున్నది ఊరి బాటల వెంట, రోడ్డు వార, కాలువ గట్టున, అంటే మనుషులు నడిచే చోట్ల. ఈ రెండు మాటలనూ కలిపేసి మాట్లాడటం వల్ల ఒకరు అంతా పోయిందంటారు, మరొకరు ఏమీ పోలేదంటారు.

నాకు బాగా తెలిసిన ఒక మండల రహదారి ఉంది. ఇరవై ఏళ్ల కిందట దాని రెండు వైపులా, వరద గుంత గట్టు మీద, ఒక ఊరి పొలిమేర నుంచి మరో ఊరి పొలిమేర దాకా తెగకుండా తంగేడు ఉండేది. బతుకమ్మ ముందటి రోజు ఆడపిల్లలు సంచులతో వెళ్లి గంటలో తిరిగివచ్చేవారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఒక పక్క మొత్తం పోయింది. రెండో పక్క పత్తి చేను గుంత అంచు దాకా వచ్చింది. ఇప్పుడు అక్కడ పూలు కావాలంటే బండి మీద గుట్ట దాకా పోవాలి, లేదా అంగడిలో కట్ట కొనుక్కోవాలి. అంగడిలో తంగేడు పూలను డబ్బు పెట్టి కొనే రోజు వస్తుందని మా ఇంటి పెద్దవాళ్లు ఎవరూ అనుకోలేదు. నగరాల్లో బతుకమ్మ ఆడేవారికి ఇది ఇప్పటికే మామూలు విషయమైపోయింది.

తగ్గడానికి కారణాలు ఏమిటి?

మొదటిది, అందరికీ కనిపించేది, రోడ్ల వెడల్పు. వెడల్పు చేసేటప్పుడు పొద వేరుతో సహా పోతుంది. ఆ తరువాత అంచును కాంక్రీటు కాలువగా మారిస్తే గింజ పడినా మొలిచే మట్టి ఉండదు. రెండోది ఇళ్ల స్థలాల వెంచర్లు. చెలకను చదును చేసి, హద్దు రాళ్లు పాతి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచినా, యంత్రంతో పైమట్టి చెక్కేయడం వల్ల పాత వేర్లు మిగలవు.

మూడోది గడ్డిమందు, నా ఉద్దేశంలో అన్నిటికంటే తక్కువగా గమనిస్తున్నది ఇదే. పూర్వం ఒడ్ల మీద గడ్డి కొడవలితో కోసేవారు. కోస్తే తంగేడు మళ్లీ చిగురిస్తుంది; మోడు నుంచి కొత్త కొమ్మలు వేయడం దాని స్వభావం, బెరడు కోసం పదే పదే నరికినా ఆ చెట్టు నిలిచింది అందుకే. గ్లైఫోసేట్ వంటి మందు మాత్రం ఆకుల నుంచి వేర్ల దాకా దిగుతుంది. కూలీల కొరత ఉన్న చోట రైతు ఒడ్డు మీద మందు కొట్టడాన్ని నేను తప్పుపట్టలేను, ఆయన కష్టం ఆయనది. కాని ఒడ్డు మీద మందు పడిన తరువాత ముందుగా మొలిచేది తంగేడు కాదు, వయ్యారిభామ. ఖాళీ అయిన గట్లను సర్కారు తుమ్మ కూడా తొందరగా కమ్మేస్తుంది.

ఇక నాలుగోది మంచి ఉద్దేశంతో జరుగుతున్న నష్టం. రోడ్డు వారన మొక్కలు నాటే కార్యక్రమాలకు ముందు నేలను శుభ్రం చేసే క్రమంలో, అక్కడ తనంతట తాను పెరిగిన తంగేడును పిచ్చి మొక్క కింద జమకట్టి పీకేసి, ఆ గుంతలోనే నర్సరీ మొక్క నాటిన సందర్భాలను నేను కళ్లారా చూశాను. నీరు పోయనవసరం లేని మొక్కను తీసి, ట్యాంకరుతో నీరు పోయాల్సిన మొక్కను పెట్టడం అది. పని చేసేవారికి గుర్తుపట్టడం నేర్పితే ఈ ఒక్క నష్టాన్ని వెంటనే ఆపవచ్చు.

బతుకమ్మ కోసం కోయడం వల్ల కూడా తగ్గుతోందా?

పూల కొసలను తుంచినందువల్ల పొద చావదు. ఎన్నో తరాలుగా కోస్తూ వచ్చారు, పూస్తూ వచ్చింది. ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల బతుకమ్మ దాకా గునుగుతో పాటు తంగేడు లేకుండా పేర్చేవారు కాదు. ఊళ్లో వాడకానికి ఊళ్లో పూలు కోసినంతకాలం పొదకు కొన్ని కొమ్మలు మిగిలేవి, వాటికి కాయలు పట్టేవి, గింజ రాలేది. అమ్మకానికి ఆటోల కొద్దీ కోసేటప్పుడు కొమ్మలకు కొమ్మలే విరుస్తారు, ఒక్క గుత్తి కూడా మిగలదు. అలా వరుసగా కొన్నేళ్లు జరిగితే పాత పొద బతికి ఉన్నా కొత్త మొక్క మొలవదు. కనుక కోయవచ్చు, చేత్తో కొసలు మాత్రమే తుంచి, ప్రతి పొద మీద మూడో వంతు పూలైనా కాయ కట్టడానికి వదలాలి.

తంగేడు పోతే మరే జీవులకు నష్టం?

తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి మాత్రమే ఉంటుంది, అది కూడా కేసరపు కొసన ఉన్న చిన్న రంధ్రంలో నుంచి రావాలి. నల్ల తుమ్మెద పువ్వును పట్టుకొని, రెక్కల కండరాలను అదిలించి ఝుమ్మని మోగించినప్పుడు ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. పొద దగ్గర ఉదయం పూట నిలబడితే, తుమ్మెద పువ్వు మీద వాలిన క్షణంలో దాని రొద మారడం చెవికి తెలుస్తుంది. గుర్తించే విద్యలో ఇది చేరదు గాని, ఒకసారి విన్నవారు మరచిపోరు. లేత పసుపు, తెలుపు రంగుల వలస సీతాకోకచిలుకల గొంగళిపురుగులు కూడా ఈ ఆకులను తిని పెరుగుతాయి. పొడి నేలను పట్టి ఉంచడం, ఆకును పచ్చిరొట్టగా పొలంలో తొక్కడం వంటి ఉపయోగాలు రైతులకు కొత్త కాదు.

తంగేడు పూల టీ తాగవచ్చా? మధుమేహం తగ్గుతుందా?

తమిళనాడులో, శ్రీలంకలో ఎండిన పూలను కాచి తాగే అలవాటు ఉంది. ఆవారం పూచిన చోట చావును చూసినవారున్నారా అని తమిళ సామెత. మన నాటు వైద్యంలోనూ దీన్ని అతిమూత్రానికి వాడారు. అయితే సామెతను మందుల చీటీగా తీసుకోకూడదు. మధుమేహానికి మందులు వాడుతున్నవారు వైద్యుణ్ని అడగకుండా వాటిని మానడం గానీ, ఈ కషాయాన్ని వాటికి జతచేయడం గానీ చేయవద్దు. గుర్తు తెలియనివారు కోసిన పూలను అసలే వాడవద్దు. కారణం కసివింద గురించిన జవాబులో ఉంది.

ఇంటి దగ్గర, బడిలో, రోడ్డు వారన పెంచడం ఎలా?

మొలకను పీకి తెచ్చి నాటితే చాలావరకు చస్తుంది, ఎందుకంటే తల్లివేరు తొందరగా లోతుకు దిగుతుంది. గింజ వేయడం మేలు. పండుగ తరువాత కాయలు గోధుమ రంగుకు తిరిగి ఎండే వరకు ఆగి, చలికాలంలో సేకరించి, పురుగు పట్టిన గింజలను ఏరి పారేసి, పొడిగా దాచాలి. గింజ పెంకు గట్టిది. మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీటిలో వేసి రాత్రంతా నాననిస్తే, ఉబ్బినవి మొలకెత్తడానికి సిద్ధమైనట్టు. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద రుద్ది మళ్లీ నానబెట్టవచ్చు. తొలకరి వాన పడగానే, రోజంతా ఎండ తగిలే చోట, అంగుళం కంటే తక్కువ లోతులో నేరుగా భూమిలోనే వేయాలి. మొదటి ఏడాది చుట్టూ గడ్డి తీయడం, నీరు నిలవకుండా చూడటం తప్ప వేరే సేవ అవసరం లేదు. ఎరువు వద్దు.

విదేశాల్లో ఉన్న తెలుగువారు గింజలు పంపమని అడుగుతుంటారు. చాలా దేశాలు అనుమతి లేని విత్తనాలను రానివ్వవు, ఆ నియమానికి తగిన కారణమే ఉంది. మనకు సర్కారు తుమ్మ, వయ్యారిభామ వచ్చిపడింది కూడా బయటి నుంచే. అక్కడి బతుకమ్మకు అక్కడి పూలే వాడుకోవడం మంచిది.

మా ఊళ్లో తంగేడు ఎక్కడుందో నమోదు చేయాలంటే ఏ ఫొటోలు తీయాలి?

నాలుగు ఫొటోలు చాలు. పొద మొత్తం, దాని వెనుక రోడ్డో గట్టో కనిపించేలా ఒకటి. పువ్వు ఎదురుగా, రేకుల అంచు ముడతలు తెలిసేలా ఒకటి. ఆకు నడి ఈనె పైనుంచి, గ్రంథులు లెక్కపెట్టగలిగేలా ఒకటి. ఆకు కాడ కొమ్మకు అతికే చోట, చెవి స్పష్టంగా కనిపించేలా చివరిది. ఇది లేకపోతే మిగతా మూడూ ఉన్నా నిర్ధారించడం కష్టమవుతుంది. మొక్కలూ జంతువులూ కనిపించిన చోట్లను ఎవరైనా నమోదు చేయగల ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో గానీ ఐనాచురలిస్ట్‌లో గానీ తేదీ, స్థలంతో సహా పెట్టవచ్చు. యాప్ చూపించే పేరును అంతిమ తీర్పుగా తీసుకోకుండా, చెవి ఫొటోతో సరిచూసుకోవాలి.

బడి పిల్లలతో చేయించేటట్లయితే ఒక కిలోమీటరు రోడ్డును ఎంచుకొని, ప్రతి ఏడాది పెద్దల అమావాస్యకు ముందు ఆదివారం ఉదయం, రెండు వైపులా ఎన్ని పొదలు ఉన్నాయో లెక్కపెట్టి నోటు పుస్తకంలో రాయించాలి. ఎడమ వైపు, కుడి వైపు విడిగా రాయాలి. మోకాలి ఎత్తు దాటని కొత్త మొక్కలను మరో వరుసలో రాయాలి, ఎందుకంటే పాత పొదలు ఎన్ని ఉన్నా ఆ వరుసలో సున్న వస్తున్నదంటే గింజ పడటం లేదని అర్థం. లెక్క మొదలుపెట్టే ముందు పిల్లలందరి చేతా ఒక్కసారి ఆ చెవిని వేలితో తాకించాలి.